నాన్నకు ఇంట్లోనే టీడీసీఎస్ పెట్టొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి ఎంఎన్‌డీ (కండరాలను కదిలించే నరాలు క్రమంగా దెబ్బతినే మోటార్ న్యూరాన్ జబ్బు) అని తేలి ఏడాది దాటింది. చేతులు పనిచేయడం లేదు, మాట ముద్దగా వస్తోంది. తలకు కట్టి సన్నగా కరెంటు పంపే టీడీసీఎస్ మెషిన్ ఆన్‌లైన్‌లో చూశారట, తెప్పించమంటున్నారు. వాడొచ్చా?

జవాబు: అమ్మా, మావారికి ఇదే జబ్బు వచ్చినప్పుడు నేనూ రాత్రిళ్ళు ఆ మెషిన్ గురించే చదివాను. చివరికి కొనలేదు.

ఈ జబ్బులో కదలికలను నడిపే మెదడు భాగం చాలామందిలో ముందునుంచే అతిగా ఉద్రేకపడి ఉంటుంది. ఈ జబ్బుకిచ్చే రిలుజోల్ మాత్ర, నరకణాలను ఉద్రేకపరిచే రసాయనమైన గ్లూటమేట్‌కు పగ్గం వేసేది అందుకే. టీడీసీఎస్‌లో పాజిటివ్ ప్యాడ్ కింద ఉద్రేకం సాధారణంగా పెరుగుతుంది, నెగటివ్ కింద తగ్గుతుంది. మరి నెగటివ్ పెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ 2019లో ఇటలీవాళ్ళు మెదడు మీద పాజిటివ్, వెన్ను మీద నెగటివ్ పెట్టి రెండు వారాలు ఇస్తే కొంత బలం పెరిగిందని రాశారు. ఏది ఎక్కడ పెట్టాలో డాక్టర్లకే తేలనప్పుడు మనం ఊహించి పెట్టడం నాకు భయం.

కరెంటు లేకుండా అయస్కాంతంతోనూ ప్రయత్నించారు. 40 మంది ఆరు నెలలు ఇంట్లోనే వాడారు, జబ్బు వేగం తగ్గలేదు. తర్వాత ఎక్కువకాలం బతికారన్న సూచన కనిపించింది గానీ, అంత తక్కువమందిని చూసి నమ్మలేం.

ప్రశ్న: 2 మిల్లీ ఆంపియర్లే కదండీ, అంత ప్రమాదం ఉంటుందా?

జవాబు: మామూలు మనిషికి పెద్దగా ఉండదు. కానీ స్పాంజి ఆరిపోతే కింద చర్మం కాలుతుంది. ఈ జబ్బులో స్పర్శ పోదు, మంట తెలుస్తూనే ఉంటుంది. నాన్నగారు చేత్తో పట్టీ తీసుకోలేరు, గట్టిగా పిలవలేరు. నన్ను ఆపింది ఈ ఆలోచనే. న్యూరాలజిస్టు ఒప్పుకుని మొదలుపెట్టినా, రెండుసార్లు కళ్ళు ఆర్పితే ఆపేయాలని ముందే అనుకోండి, పక్కనుంచి కదలకండి. ఫిట్స్, పేస్‌మేకర్, తలలో లోహం ఉంటే అసలే వద్దు.

ఒకటి అడుగుతాను. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోందా? పొద్దున లేవగానే తలనొప్పి ఉంటోందా?

ప్రశ్న: రెండూ ఉన్నాయండీ. నెల నుంచి మూడు దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నారు.

జవాబు: అయితే మెషిన్ సంగతి పక్కన పెట్టమ్మా. ఊపిరి కండరాలు బలహీనపడితే ఇలాగే ఉంటుంది. రేపే డాక్టరుకు ఫోన్ చేసి ఈ రెండు మాటలూ చెప్పు, ఊపిరితిత్తుల పరీక్ష చేయించు. అవసరమైతే రాత్రిపూట బైపాప్ (మాస్కుతో ఊపిరికి సాయం చేసే మెషిన్) పెడతారు. దానితో ఆయుష్షు పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. ఆక్సిజన్ మాత్రం డాక్టరు చెప్పకుండా పెట్టొద్దు, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవచ్చు.