చదువుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, ప్రశ్న చూశాక తెల్లమొహం

బిల్లు కౌంటర్ (ఖమ్మం):

అందరికీ నమస్తే. నా బీఈడీ అయి నాలుగేళ్లయింది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా మందుల షాపులో బిల్లులు కొడతాను. మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య జనం పల్చబడతారు, నా చదువంతా అప్పుడే. టీచర్ అర్హత పరీక్ష టెట్‌కి ప్రిపేర్ అవుతున్నాను. మొత్తం 150 మార్కుల్లో తెలుగుకి 30. సంధులు, సమాసాలు, ఛందస్సు బాగానే వస్తున్నాయి. నా టెన్షన్ అంతా అపరిచిత గద్యంతోనే, అంటే ఎప్పుడూ చూడని పేరా ఇచ్చి దాని మీద ప్రశ్నలు అడుగుతారే, దానితో.

నిన్న చేసిన పేరా ఇదీ:

"1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమంది ప్రాణాలు కోల్పోయారు. అలాంటి వరద మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పేందుకు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన నీటిని నిలపాలని ఆయన సూచించడంతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ వెలిశాయి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఇవి వరదను అదుపు చేయడమే కాక చాలా ఏళ్లు నగరం దాహం తీర్చాయి."

ప్రశ్న: ఈ జలాశయాలు కట్టడానికి ముఖ్య కారణం ఏమిటి? నేను "తాగునీటి అవసరం" అని పెట్టాను. తప్పు. రెండుసార్లు చదివి మరీ తప్పు పెట్టాను, అదీ బాధ.

రచయిత విషయాన్ని ఏ వరసలో పేర్చాడో పట్టుకోవాలి, దానికి 'ఎందుకంటే', 'కాబట్టి', 'అందువల్ల' లాంటి మాటలు వెతకాలి అని ఒక వీడియోలో చెప్పారు. ఈ పేరాలో భూతద్దం పెట్టి వెతికినా వాటిలో ఒక్కటీ లేదు. మరి దేన్ని పట్టుకోవాలి? చెప్పగలరు.

గోదారోడు:

ఇంత ఆలోచించక్కర్లేదండి. రోజూ పేపరు చదవండి, అదే వచ్చేస్తుంది. నాకు అలాగే వచ్చింది.

రిటైర్డ్ తెలుగు సారు (తెనాలి దగ్గర):

అమ్మా, తప్పు నీది కాదు, ఆ వీడియోది. ఆ సలహా ఇంగ్లీషు పాఠం నుంచి తెచ్చింది. వాళ్లకి కారణం చెప్పే మాట వాక్యం మధ్యలో విడిగా నిలబడి కనిపిస్తుంది. మనకి చాలాసార్లు అది క్రియ తోకకి అంటుకుని ఉంటుంది. నువ్వు తల చూశావు, తోక వదిలేశావు.

నీ పేరానే తీసుకుందాం. 'మళ్లీ రాకుండా' అన్నాడు చూడు, సమస్య ఏమిటో అక్కడ చెప్పేశాడు. 'సూచించడంతో' దగ్గర పరిష్కారం మొదలైంది. ఇక 'అదుపు చేయడమే కాక' అన్నాడంటే, 'కాక' తర్వాత వచ్చేది కొసరు. బజార్లో కొసరు చేతికి చివర్న వస్తుంది, అదే గుర్తుండిపోతుంది. నువ్వు కొసరు పట్టుకుని అసలు వదిలేశావు. ప్రశ్న తయారుచేసినవాడు కూడా నువ్వు ఆ పని చేస్తావనే తాగునీటిని ఆప్షన్లలో పెట్టాడు.

ఇంకోటి చూడు, నేను క్లాసులో చెప్పేది: "గోదావరి నిండుగా పారుతున్నా పొలాలకు నీరు ఎక్కక 1830లలో డెల్టా కరువులతో అల్లాడింది. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలైన ఆనకట్ట 1852కి పూర్తి కావడంతో కాలువల కింద వరి విస్తరించింది." ఇందులో 'ఎందుకంటే' లేదు, 'కానీ' లేదు. అయినా రెండూ ఉన్నాయి. 'పారుతున్నా'లో దీర్ఘం 'కానీ' పని చేస్తోంది. 'ఎక్కక'లో చివరి 'క' కారణం చెబుతోంది. 'కావడంతో' ఫలితానికి దారి తీస్తోంది. రెండు వాక్యాల్లో ఓ చిక్కు, దానివల్ల కష్టం, ఓ పని, దానివల్ల లాభం అన్నీ వరసగా ఉన్నాయి.

31 ఏళ్లు పిల్లల చేత ఒకటే పని చేయించాను. పేరా ఇచ్చి, అర్థం అడగకుండా, ఎర్ర పెన్సిలుతో క్రియల తోకలకి మాత్రం గుండ్రం చుట్టమనేవాణ్ణి. ఒకడు 'నా పుస్తకం'లో నా కూడా చుట్టి తెచ్చాడు, 'పోయినా'లో నా ఉంది కదా సార్ అని. నవ్వొచ్చింది గానీ, వాడు కనీసం చూస్తున్నాడు!

ఒక్క జాగ్రత్త. తోక ఒకటే అయినా పని ఒకటే కాదు. 'వాన పడడంతో మ్యాచ్ ఆగిపోయింది'లో కారణం ఉంది. 'తెల్లవారడంతో బయల్దేరాడు'లో ఉన్నది సమయమే. 'దానివల్లనే' అని పెట్టి చదివి చూడు, అతికితే కారణం.

డెస్కు మీద పదేళ్లు:

పేపరు చదవమన్న గోదారోడు గారికి చిన్న సవరణ. నేను పేపర్లో సబ్ ఎడిటర్‌గా చేశాను. వార్త చదవడం అలవాటైనవాళ్లే అపరిచిత గద్యంలో తడబడడం చూశాను, ఎందుకంటే వార్త తలకిందులుగా ఉంటుంది. అన్నిటికన్నా కొత్త సంగతి ఇంట్రోలో, అంటే మొదటి పేరాలో పెడతాం, అసలు ఎక్కడ మొదలైందో చివరి పేరాలోకి తోసేస్తాం. పేజీలో చోటు చాలకపోతే కింద నుంచి కోస్తాం కదా, కోసినా నష్టం లేని సంగతులే కింద ఉండాలి. కాబట్టి వార్త మీద 'ముందు ఏం జరిగింది' అని అడిగితే జవాబు కింద నుంచి పైకి వెతకాలి.

ఇంకో రెండు మాటలు. 'ఇదిలా ఉండగా' అని కనిపిస్తే, పై సంగతికీ కింద సంగతికీ రచయిత ఏ ముడీ వేయలేదన్నమాట. మీరూ వేయకండి. నిజం చెప్పాలంటే ఇద్దరు విలేకర్లు పంపిన రెండు ముక్కల్ని కలపడానికి మేం వాడిన జిగురు అది. 'కాగా' కూడా చాలాసార్లు అంతే.

సంపాదకీయం దారి వేరు. మొదటి రెండు పేరాల్లో అవతలివాళ్ల వాదన మర్యాదగా చెప్పి, మూడో పేరా 'అయితే'తో మొదలుపెడతారు. రచయిత అభిప్రాయం దాని తర్వాతే. 'రచయిత ఉద్దేశం ఏమిటి' అని అడిగితే నేను ముందు 'అయితే' ఎక్కడుందో చూస్తాను.

బిల్లు కౌంటర్ (ఖమ్మం):

సార్, ఇవాళ మధ్యాహ్నం ఐదు పేరాలు చేశాను, ఎర్ర పెన్సిలు లేక బిల్లుల మీద గీసే హైలైటర్‌తో. ఐదింట్లో నాలుగు కరెక్ట్. మధ్యలో ఒకాయన షుగరు మాత్రలకి వచ్చి నా కాగితం చూసి, "ఏంటమ్మా, అన్నీ తోకలే గీశావు" అన్నాడు. నిజంగా 'తోకలు' అనే అన్నాడు, నేనేమీ చెప్పలేదు!

తప్పు పోయింది 'అయితే' దగ్గరే. పేరాలో "నీరు సరిపోదా, అయితే పంట మార్చాలి" అని ఉంది. డెస్కు అన్న చెప్పారని నేను దాన్ని 'కానీ' అనుకుని, రచయిత పంట మార్చడానికి వ్యతిరేకం అని పెట్టేశాను. ఇంకా 'ఉండగా' అంటే సమయం చెప్పేదే అనుకునేదాన్ని, ఇప్పుడు దానికీ భయం పట్టుకుంది. "పది గేట్లు ఉండగా నాలుగు ఎత్తారు" అన్నదాంట్లో సమయం ఏముంది?

ఇంకో పని కూడా చేశాను. మూసీ పేరానే పోలిక పేరాగా తిరగరాశాను: "ఉస్మాన్‌సాగర్ మూసీ మీద ఉంటే హిమాయత్‌సాగర్ ఈసీ మీద ఉంది. మొదటిది 1920లో పూర్తి కాగా రెండోది మరో ఏడేళ్లకు పూర్తయింది. రెండూ వరద భయంతో కట్టినవే." సరిగ్గా ఉందా?

డెస్కు మీద పదేళ్లు:

నా తప్పే. నేను చెప్పింది పేరా మొదట్లో, ముందు వాక్యం పూర్తయ్యాక వచ్చే 'అయితే' గురించి. మీ వాక్యంలో దాని ముందు ప్రశ్న ఉంది. ప్రశ్న తర్వాత వస్తే అది 'అలాగైతే'. 'నాకైతే నచ్చింది'లోది మూడో రకం, దానికి ఈ రెండింటితోనూ సంబంధం లేదు.

రిటైర్డ్ తెలుగు సారు (తెనాలి దగ్గర):

చాలా బావుందమ్మా. నువ్వే రాసిన 'ఉంటే' చూసుకో. అక్కడ షరతు ఏమీ లేదు, ఇద్దర్ని పక్కపక్కన నిలబెట్టావు. 'పూర్తి కాగా' కూడా అదే పని చేసింది. గేట్ల వాక్యంలో 'ఉండగా' కూడా అంతే, పది ఒక పక్క, నాలుగు ఒక పక్క. అంకెలతో వస్తే మొత్తం ఎంత, అందులో భాగం ఎంత అని చదువుకో. మనిషితో వస్తే, 'నేను తింటూ ఉండగా ఫోను మోగింది' లాంటిదైతే, అప్పుడు సమయం.

ఒకటి గమనించావా? సంగతులు అవే, కానీ నీ పోలిక పేరా మీద 'ముఖ్య కారణం' ప్రశ్న ఎవడూ వేయడు. 'ఏది ముందు పూర్తయింది', 'రెండింటికీ ఉమ్మడి ఏమిటి' అని వేస్తాడు. ఇప్పుడు ఆ పేరానే తేదీల వరసలో కూడా రాసి ఇక్కడ పెట్టు. విశ్వేశ్వరయ్యని ఎక్కడ పెడతావో చూస్తాను.

బిల్లు కౌంటర్ (ఖమ్మం):

రేపు మధ్యాహ్నం రెండు గంటలకి రాస్తాను సార్. ఇప్పుడు షట్టరు దించుతున్నారు.