ట్రాక్టర్ సిలిండర్ హెడ్‌లో పగులు: వెల్డింగ్ సరిపోతుందా, కొత్తదే వేయాలా?

గోదారి_దమ్ము:
45 హెచ్‌పీ ట్రాక్టరు. 4 సిలిండర్లు, నాలుగింటినీ పైనుంచి మూసే కాస్ట్ ఐరన్ (పోత ఇనుము) హెడ్ ఒకటే, డైరెక్ట్ ఇంజెక్షన్ (డీజిల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది). దమ్ములో ఉండగా టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి పోయింది. అప్పట్నుంచి పొద్దున్నే స్టార్ట్ చేసిన నిమిషానికే రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయి, పై హోసు రాయిలా బిగుస్తోంది, రోజుకు లీటరున్నర నీళ్లు తగ్గుతున్నాయి. ఆయిల్ మాత్రం నీళ్లు కలిసి తెల్లబడలేదు. హెడ్ దించితే మూడో సిలిండర్ దగ్గర రెండు వాల్వు సీట్ల (వాల్వులు ఆనే రింగుల) మధ్య సన్నటి గీత కనబడింది. మెకానిక్ వెల్డింగ్ చాలంటున్నాడు, స్పేర్ పార్టుల షాపులో కొత్త హెడ్డే వేయమంటున్నారు. నాట్లు మీద పడుతున్నాయి. ఏం చేయమంటారు?

లేత్_బెంచ్:
గీత కనిపించింది కదా అని అదే దొంగ అనుకోకండి. బుడగలంటే సిలిండర్‌లోని గ్యాస్ నీళ్లలోకి పోతోందని, అది నాలుగు చోట్ల నుంచి రావచ్చు: హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య పెట్టే రేకు), డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ చుట్టూ ఉండే రాగి స్లీవు (మీ హెడ్‌కి ఉంటే), లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం), ఆ తర్వాత పగులు. ముందు పాత గ్యాస్కెట్ పారేయకుండా వెలుతురులో పెట్టి చూడండి. సిలిండర్ రింగు నుంచి నీళ్ల రంధ్రం దాకా నల్లటి చార ఉంటే గ్యాస్ అక్కడి నుంచే పోయింది.

తర్వాత హెడ్‌కి ప్రెషర్ టెస్ట్. నీళ్ల దారులన్నీ రబ్బరు వేసిన ప్లేట్లతో మూసి, హెడ్‌ని 80 డిగ్రీల వేడినీళ్లలో ముంచి, లోపలికి 2 నుంచి 3 కేజీల ప్రెషర్‌తో గాలి ఎక్కిస్తారు. అరగంట గమనించాలి. చల్లటి హెడ్ మీద టెస్ట్ చేసి 'బాగానే ఉంది' అంటే ఒప్పుకోవద్దు, చాలా పగుళ్లు వేడెక్కితేనే తెరుచుకుంటాయి. గీత ఎంత దూరం పోయిందో తెలియాలంటే ఎర్ర రంగు డై కొట్టి పావుగంట ఆగి, తుడిచి, పైన తెల్ల డెవలపర్ కొడతారు. పగులు చివర ఎర్రగా పైకి ఊరుతుంది.

ఆ చోటే ఎందుకు పగులుతుందంటే, రెండు సీట్ల మధ్య ఇనుము అన్నిటికన్నా సన్నం, ఒకపక్క ఎగ్జాస్ట్ మంట. కాగినప్పుడు వ్యాకోచించడానికి చుట్టూ ఉన్న చల్లటి ఇనుము చోటివ్వదు, దాంతో లోపలికే నలుగుతుంది. చల్లారాక ఆ నలిగిన ఇనుమే లాగుడుకు గురై చీలుతుంది. అందుకే గీత పొడవు కన్నా అది ఎక్కడికి పోయిందన్నదే ముఖ్యం. సీటు నుంచి సీటుకే ఆగి, నీళ్లు తగలకుండా, వేడి టెస్ట్‌లో బుడగ రాకపోతే ఆ హెడ్ ఇంకా నడుస్తుంది. నీళ్ల జాకెట్‌ని (హెడ్ లోపలి నీళ్ల దారిని) తాకితే లెక్క మారుతుంది.

కాస్ట్‌ఐరన్:
వెల్డింగ్ మీద నా మాట. మామూలు ఆర్క్ రాడ్‌తో ఆ చోట ముట్టుకోనివ్వకండి. కాస్ట్ ఐరన్‌లో కార్బన్ ఎక్కువ, వెల్డ్ పక్కన త్వరగా చల్లారిన అంచు గాజులా గట్టిపడుతుంది. సీట్ కటర్ దానిమీద జారిపోతుంది, రెండు మూడు వారాల పనికే వెల్డ్ పక్కనే కొత్త గీత వస్తుంది. నికెల్ రాడ్‌తో అంగుళం అంగుళం వేస్తూ, సుత్తితో తట్టి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మళ్లీ వేస్తారే, అది హెడ్ బయటి గోడకు బాగుంటుంది. మంట తగిలే ముఖానికి కాదు.

అక్కడ నిలబడే వెల్డింగ్ ఒక్కటే: హెడ్ మొత్తం విప్పి, కొలిమిలో నిదానంగా 600 డిగ్రీలు దాటించి, ఆ వేడి మీదే కాస్ట్ ఐరన్ రాడ్‌తో గ్యాస్ వెల్డింగ్ చేసి, సున్నంలోనో బూడిదలోనో పూడ్చి ఒక రోజు చల్లారనివ్వాలి. తర్వాత ఫేసింగ్ (హెడ్ అడుగు ముఖాన్ని మెషిన్‌పై చదును చేయడం), కొత్త గైడ్లు (వాల్వు కాడ ఆడే గొట్టాలు), కొత్త సీట్లు తప్పవు. 'సాయంత్రానికి ఇచ్చేస్తాం' అంటే ఆ పద్ధతి కాదని అర్థం.

స్టిచింగ్_పని:
వెల్డింగ్‌కీ కొత్త హెడ్‌కీ మధ్య ఇంకో దారి ఉంది, స్టిచింగ్. పగులు పొడవునా ఒకదానిమీద ఒకటి ఎక్కేలా మరలు (థ్రెడ్) కట్ చేసిన పిన్నులు బిగించి, పైన సీటు ఇన్సర్టు (విడి సీటు రింగు) దింపుతారు. వేడి పెట్టరు కనుక హెడ్ వంగదు. ఇన్సర్టు పట్టు (రంధ్రం కన్నా రింగు ఎంత పెద్దదో ఆ తేడా) 0.1 మి.మీ. దగ్గర ఉండాలి, వదులైతే ఊడి పిస్టన్‌ని పొడుస్తుంది. కానీ పగులు ఇంజెక్టర్ రంధ్రంలోకి పోతే పిన్ను పట్టడానికి ఇనుమే మిగలదు. అప్పుడు నేను కూడా వద్దనే అంటాను.

గోదారి_దమ్ము:
టెస్ట్ చేయించాను. వేడి మీద 3 కేజీలకు బుడగలు వరసగా వస్తున్నాయి. డై కొడితే గీత ఎగ్జాస్ట్ సీటు నుంచి ఇంజెక్టర్ రంధ్రం లోపలికి దిగింది. రెండో సిలిండర్ దగ్గర కూడా చిన్నది మొదలైంది. హెడ్ ముఖానికి అడ్డంగా స్కేలు పెట్టి చూస్తే మధ్యలో 0.20 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే రేకు) దూరుతోంది.

లేత్_బెంచ్:
అయితే మార్చేయండి. వెల్డింగ్, ఫేసింగ్, గైడ్లు, సీట్లు అన్నీ కలిపి కొత్త హెడ్ ధరలో సగం దాటితే రిపేరు లాభం కాదని నా లెక్క, మీకు దాటుతుంది. పైగా ఆ వంకర పోవాలంటే ఫేసింగ్‌లో కనీసం 0.25 మి.మీ. పోతుంది. అంత తీస్తే ఇంజెక్టర్ ముక్కు కిందికి దిగుతుంది, వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి. మాన్యువల్‌లో ఇచ్చిన కనీస ఎత్తు మిగలకపోతే ఆ హెడ్ తుక్కే.

కొనేటప్పుడు పాత హెడ్ మీద పోతపోసిన నంబరు ఫోటో తీసుకెళ్లండి. వాల్వులు, స్ప్రింగులతో వస్తుందా, ఉత్త హెడ్డా అడగండి. రెండిటి ధరకీ చాలా తేడా. విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ దొరికితే టెస్ట్ అయ్యాకే డబ్బులివ్వండి. కొత్తదైనా ఒకసారి టెస్ట్ పెట్టించడం మంచిది.

బిగించే ముందు లైనర్ బ్లాక్ పైకి ఎంత లేచి ఉందో నాలుగు చోట్ల కొలవండి. ఒకటి కిందికి దిగి ఉంటే కొత్త గ్యాస్కెట్ కూడా అక్కడే కాలుతుంది. బోల్టు రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ ఉండకూడదు, బిగించేటప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకే చీలొచ్చు. బోల్టులు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) బిగించాలి. మీ గ్యాస్కెట్‌కి రీటార్క్ (కొంత నడిపాక బోల్టులు మళ్లీ బిగించడం) చెప్పి ఉంటే అది చేశాక టాపెట్లు (వాల్వుల దగ్గర సందు) మళ్లీ సెట్ చేయండి.

కాస్ట్‌ఐరన్:
హెడ్ ఎక్కించే ముందే రేడియేటర్ సంగతి చూడండి. రెక్కల మధ్య పొట్టు, బురద ఉంటే ఫ్యాన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి. బోరు నీళ్లు పోస్తుంటే జాకెట్‌లో సున్నం పేరుకుంటుంది, ఆ పొర వేడిని నీటికి చేరనివ్వదు. బ్లాక్ ఫ్లష్ చేయించి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ సగానికి సగం కలిపి పోయండి. థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కి వదిలే వాల్వు) తీసేసి ఉంటే పెట్టించండి, లేకపోతే కొన్ని ఇంజన్లలో నీళ్లు చాలావరకు రేడియేటర్‌కి పోకుండా బైపాస్ (అడ్డదారి గొట్టం) లోనే తిరుగుతాయి. పవర్ కోసం డీజిల్ పంపు పెంచి ఉంటే అది కూడా సెట్ చేయించండి. పొగ నల్లగా వస్తుంటే ఎగ్జాస్ట్ వేడి ఎక్కువున్నట్టే, కొత్త హెడ్‌లో ఆ సీట్ల మధ్యే మళ్లీ గీత పడుతుంది.