గింజలోని ‘పప్పు’కు మొదటి అర్థం ఏమిటి?

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మొన్న ఆదివారం మా అమ్మాయి పెరట్లో రాలిన బాదంకాయను రాతితో చితక్కొట్టి, పీచు మధ్యనుంచి చిటికెనవేలంత తెల్లటి పలుకు తీసి "పప్పు" అంది. పక్కింటి ఒడియా ఆవిడ ఆశ్చర్యపోయారు. వాళ్ల ‘డాలి’ అంటే వండుకునే పప్పే. గింజను ‘మంజి’ అంటారు. మనకేమో కందిపప్పూ పప్పే, జీడిపప్పూ, సారపప్పూ పప్పే. కందిపప్పు చీల్చిన బద్ద, జీడిపప్పు చీల్చని పలుకు, అయినా పేరు ఒకటే!

ఆవిడకు సరైన జవాబు చెప్పాలని మూడు రాత్రులు వెతికాను. శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు తిరగేశాను. అర్థాలు దొరికాయి, పుట్టుక దొరకలేదు. తమిళ ‘పరుప్పు’కూ వండుకునే పప్పు, గింజ లోపలి పలుకు అనే ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. అక్కడి ‘నెరుప్పు’ మనకు నిప్పు, ‘ఇరుప్పై’ మనకు ఇప్ప. అదే వరుసలో పరుప్పు, పప్పు. తమిళం నుంచి వచ్చిందని కాదు, రెండూ ఒకే పాత మాటకు బిడ్డలని నా నమ్మకం. ఇక్కడే ఆగిపోయాను.

ఆ పాత మాటకు మొదటి అర్థం గింజ లోపలి పలుకా, చీల్చిన బద్దా? శాసనాల్లోనో పాత కావ్యాల్లోనో ఆధారం చూసినవారు దయచేసి చెప్పగలరా?