ఆఫ్టర్ ఉన్నా ‘హాడ్’ పెట్టాల్సిందేనా?

నీలిమేఘం: మా తమ్ముడికి ప్రాక్టీస్ పేపర్‌లో తప్పు దిద్దమని ఒక వాక్యం ఇచ్చారు. ‘ఆఫ్టర్ ఐ ఫినిష్డ్ ద వర్క్, ఐ వెంట్ హోమ్.’ జవాబు ‘హాడ్ ఫినిష్డ్’ అట. ముందు జరిగిన పనికి పాస్ట్ పర్ఫెక్ట్ (‘హాడ్’ పెట్టే రూపం), తర్వాతి పనికి సింపుల్ పాస్ట్ (‘వెంట్’ లాంటి మామూలు గతకాలం) అని రూల్. ఇది నిజంగా తప్పు వాక్యమేనా?

తూర్పుగాలి: తప్పేనండీ. నేర్చుకునేవాళ్ళకి గట్టి రూల్ ఒకటి ఉండాలి. ‘పెట్టినా సరే, పెట్టకపోయినా సరే’ అంటే ఎవరికీ ఏదీ రాదు.

పదనిస: అది తప్పు వాక్యం కాదు. ఏది ముందో ఆఫ్టరే చెప్పేసింది, ఇక హాడ్‌కి పనేముంది? పెడితే ఆ పని పూర్తిగా అయిపోయిందని కాస్త నొక్కినట్టు ఉంటుంది, అంతే. దాని అసలు అవసరం వెన్ దగ్గర తెలుస్తుంది. ‘వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ లెఫ్ట్’ అంటే నేను చేరగానే రైలు కదిలింది, ‘హాడ్ లెఫ్ట్’ అంటే నేను చేరేసరికి అక్కడ రైలే లేదు. ఇలాంటి చోట హాడ్ వదిలేస్తే జరిగిన సంగతే మారిపోతుంది, మార్కులు కోయాలంటే ఇక్కడ కోయాలి!

1947లో హాన్స్ రైఖెన్‌బాక్ అనే తత్వవేత్త దీన్ని మూడు సమయాలతో వివరించాడు: మాట్లాడుతున్న సమయం, పని జరిగిన సమయం, మనం ఏ సమయం నుంచి ఆ పనిని చూస్తున్నామో అది. పాస్ట్ పర్ఫెక్ట్‌లో చూసే సమయం కూడా గతంలోనే ఉంటుంది, పని దానికన్నా ముందే అయిపోయి ఉంటుంది. ఇది చెప్పకుండా రూల్ బట్టీ పట్టించడం వల్లే చాలామంది పాత సంగతి అయితే చాలు హాడ్ తగిలిస్తున్నారు. ముందూ వెనకా ఏమీ లేకుండా ‘ఐ హాడ్ బాట్ దిస్ ఫోన్ ఇన్ 2015’ అంటారు. వెయ్యేళ్ళ కిందటి సంగతైనా ఊరికే చెబితే సింపుల్ పాస్టే కదా.

తూర్పుగాలి: ఫోన్ వాక్యం తప్పే, ఒప్పుకుంటాను. కానీ ముందు జరిగినదానికి హాడ్ అన్న రూల్ ఎక్కడ దెబ్బతిందో ఒక్కటి చూపించండి.

పదనిస: ‘హి లెఫ్ట్ బిఫోర్ ఐ హాడ్ ఫినిష్డ్ మై సెంటెన్స్.’ ముందు జరిగింది అతను వెళ్ళడం, హాడ్ ఉన్నది నా మాటకి. నేను చెప్పేది పూర్తి కాకుండానే వెళ్ళిపోయాడని అర్థం. మీ రూల్ ప్రకారం ఇది తప్పు కావాలి, కానీ చక్కటి ఇంగ్లీషు.

తూర్పుగాలి: ఇలాంటివి తర్వాత నేర్పొచ్చండీ. మొదటి మెట్టులోనే చెబితే పిల్లలు గందరగోళపడతారు.

పదనిస: తర్వాత నేర్పండి, కాదనను. సరైన వాక్యాన్ని మాత్రం తప్పని దిద్దించకండి, ఆ భయంతోనే వాళ్ళు నోరు తెరవడం మానేస్తారు.

నీలిమేఘం: మరి పరీక్షలో వాడేం రాయాలి?

పదనిస: ‘హాడ్ ఫినిష్డ్’ అనే రాయమనండి, అదీ సరైనదే, మార్కు పోదు. మాట్లాడేటప్పుడు మాత్రం ఆఫ్టర్ ఉంటే హాడ్ కోసం ఆగొద్దని చెప్పండి.