శనివారం రికార్డుల సాయంత్రం: పనుల పంపకం (బర్మింగ్‌హామ్)

పద్మజ, మంగళవారం రాత్రి
హాలు వాళ్లకు రేపు మధ్యాహ్నంలోగా తుది వివరాలు పంపాలి. కుర్చీలు, బల్లలు శ్రీధర్. ప్లేయరు, స్పీకర్లు కిరణ్. రికార్డులు సుబ్బారావు గారు. తెర మీద గాయకుల ఫొటోలు మాధవి. పులిహోర, టీ లక్ష్మి అక్క. పేర్ల ఆట ఎవరు నడిపిస్తారో మీరే తేల్చండి. ఈసారి మైకు నా చేతికి ఇవ్వవద్దు.

సుబ్బారావు, మంగళవారం రాత్రి
ఎల్పీలు, ఈపీలు రెండు పెట్టెలు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతవి, అంటే 78 స్పీడువి, ఒక పెట్టె, ఎక్కువగా నాటక పద్యాలు. ఈలపాట రఘురామయ్య గారివి కూడా ఉన్నాయి. అవి లక్కవి, కింద పడితే పెంకులే. కారులో నిలువుగా పెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చవద్దు. డిసెంబరు 4 ఘంటసాల గారి జయంతి కనుక ఆయన భగవద్గీతతోనే మొదలుపెట్టాలి.

పద్మజ, బుధవారం ఉదయం
అందరూ ఇది చూడండి. హాలు నుంచి జాబు వచ్చింది. బయటి నుంచి తెచ్చే ప్రతి కరెంటు వస్తువుకూ పాట్ టెస్టు (వాడితే ప్రమాదం లేదని చూసే పరీక్ష) స్టిక్కరు ఉండాలట. లేకపోతే ప్లగ్గు పెట్టనివ్వరు. ప్లేయరు, యాంప్లిఫయరు, ప్రొజెక్టరు, చివరికి టీ కెటిల్ కూడా.

కిరణ్, బుధవారం ఉదయం
ఏటా టెస్టు చేయించాలని చట్టంలో ఎక్కడా లేదు. 1989 నాటి కరెంటు నిబంధనలు పరికరాన్ని ప్రమాదం లేని స్థితిలో ఉంచుకోమంటాయి, అంతే. ఇక్కడి ప్రభుత్వ భద్రతా సంస్థ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ వాళ్లే ఆ మాట చెబుతారు. హాలు వాళ్లకు నేను రాస్తాను.

పద్మజ, బుధవారం ఉదయం
దయచేసి రాయవద్దు. హాలు వాళ్లది, షరతు వాళ్లది. ఉగాదికి కూడా మనకు అదే హాలు కావాలి.

శ్రీధర్, బుధవారం సాయంత్రం
నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను అడిగాను. సోమవారం దాకా ఖాళీ లేదన్నాడు. ఒకవేళ వచ్చినా సుబ్బారావు గారి ప్లేయరు గట్టెక్కదు. మద్రాసు నుంచి తెచ్చిన గుండ్రటి పిన్నుల ప్లగ్గు, దానికి ఒక అడాప్టరు, వైరు మీద నల్ల టేపు.

సుబ్బారావు, బుధవారం సాయంత్రం
ఆ టేపు వేసింది నేనే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా షాకు కొట్టలేదు.

కిరణ్, బుధవారం సాయంత్రం
నా దగ్గర సూట్‌కేసు ప్లేయరు ఉంది, బ్యాటరీతో నడుస్తుంది. ప్లగ్గుతో పనే లేదు. అది వద్దంటే పాటలన్నీ ఫోనులో ఉన్నాయి, హాలు స్పీకర్లకు కలిపేస్తే సరి.

సుబ్బారావు, బుధవారం రాత్రి
ఆ బొమ్మపెట్టె ముల్లు కింద నా ఎల్పీ పెట్టను. దాని చెయ్యి బరువుకు గాడి అరిగిపోతుంది. ఇక ఫోనులోనే వినేటట్లయితే జనాన్ని చలిలో హాలుకు రప్పించడం దేనికి? ఎవరింట్లో వాళ్లు దుప్పటి కప్పుకుని వినవచ్చు. నా పెట్టెలు నా దగ్గరే ఉంటాయి, మీరు కానివ్వండి.

కిరణ్, బుధవారం రాత్రి
ఏ దారి చూపినా కాదంటే ఎలా బాబాయ్ గారూ? వాన్ మాట్లాడింది నేను, స్పీకర్లు అడిగి తెచ్చింది నేను.

మాధవి, బుధవారం రాత్రి
ఇద్దరూ ఈ పూటకు ఆపండి. నలభై కుటుంబాలు డబ్బు కట్టాయి.

లక్ష్మి, గురువారం ఉదయం
టీ ఇంట్లోనే కాచి ఫ్లాస్కుల్లో తెస్తాను, కెటిల్ గొడవ వదిలేయండి. ఒక మాట అడగనా? మా ముందుగదిలో పూలకుండీ కింద ఉన్నది గ్రామఫోనే కదా? కీ ఇచ్చి తిప్పేది. మా మామగారు ఇక్కడి సంతలో కొన్నారు. దానికి వైరే లేదు.

శ్రీధర్, గురువారం ఉదయం
ఫొటో పెట్టక్కా, వెంటనే!

సుబ్బారావు, గురువారం ఉదయం
ఫొటో చూశాను. హెచ్ఎంవీ 102, 78 స్పీడువి ఆడేదే. అమ్మా లక్ష్మీ, ముందు ఆ కుండీ తీసెయ్యి. స్ప్రింగు ఆడుతున్నదా? అయితే వస్తాను. ఉక్కు ముళ్లు నా దగ్గర డబ్బాడు ఉన్నాయి. వైపుకొక ముల్లు మార్చాలి, అరిగినదాన్ని మళ్లీ వాడకూడదు. ప్రతి వైపుకూ కీ ఇవ్వాలి. కీ ఇచ్చే పని కిరణ్ చేస్తే బాగుంటుంది, చెయ్యి నిదానమైనది.

కిరణ్, గురువారం మధ్యాహ్నం
చేస్తాను బాబాయ్ గారూ. మరి భగవద్గీత?

సుబ్బారావు, గురువారం మధ్యాహ్నం
అది ఎల్పీ, 33 స్పీడుది. దీని మీద పెడితే స్పీడూ కలవదు, ఆ ఉక్కు ముల్లు గాడిని దున్నేస్తుంది. అట్ట మాత్రం బల్ల మీద నిలబెడదాం. పద్యాలతోనే మొదలుపెడదాం.

శ్రీధర్, గురువారం మధ్యాహ్నం
హాలు మైకుకు వాళ్ల స్టిక్కరే ఉంది. దాన్ని గ్రామఫోను మూత ముందు నిలబెడితే వెనక వరుసకూ వినబడుతుంది. కుర్చీలు సగమే వేస్తాను, ముందు జంపఖానాలు పరుద్దాం.

మాధవి, గురువారం సాయంత్రం
10 అంగుళాల రికార్డు ఒక వైపు మూడు నిమిషాలే కదా. ముల్లు మార్చి, కీ ఇచ్చేలోపు జనం లేచి టీ దగ్గరకు పోతారు. ఆ సందులోనే పేర్ల ఆట పెడదాం. తెర లేదు కనుక ఫొటోలు అట్టముక్కల మీద అంటించాను. పేరు ముందుండే ఇంటిపేరో ఊరిపేరో నేనంటాను, మిగతా పేరు వాళ్లు చెప్పాలి. సాలూరి అంటే రాజేశ్వరరావు. పెండ్యాల అంటే నాగేశ్వరరావు, పిఠాపురం అన్నా నాగేశ్వరరావే, అక్కడ తడబడతారు. పెద్దవాళ్లకు వేరే అట్టలు: పి.జి. కృష్ణవేణి అంటే జిక్కి అని, కిళాంబి అంటే ఆత్రేయ అని చెప్పాలి.

శ్రీధర్, గురువారం రాత్రి
పిల్లలకు అది కష్టం. చివరి అక్షరంతో గొలుసు పెట్టు. ఘంటసాల, ల.

లక్ష్మి, గురువారం రాత్రి
లీల. మళ్లీ ల!

కిరణ్, గురువారం రాత్రి
లతా మంగేష్కర్. 1955లో సంతానం సినిమాకు తెలుగులో పాడారు కనుక చెల్లుతుంది. ర.

మాధవి, గురువారం రాత్రి
రామకృష్ణ. ణ లేదు కనుక న తీసుకోండి.

శ్రీధర్, గురువారం రాత్రి
నాగయ్య. య.

కిరణ్, గురువారం రాత్రి
యేసుదాసు. స.

సుబ్బారావు, గురువారం రాత్రి
సుశీల. మళ్లీ ల. ఇప్పుడు చెప్పండి చూద్దాం.

పద్మజ, గురువారం రాత్రి
పులిహోర ఎంతమందికో ఇంకా ఎవరూ చెప్పలేదు. హాలు తాళాలు శనివారం రెండు గంటలకు ఇస్తారు. వాన్ ఖాళీగా ఉంటుంది కనుక జంపఖానాలు అందులోనే వేయండి. లక్ష్మీ శంకర్. ర.