కార్డినల్ రిషెలియూ: చర్చి మనిషా, రాజు మనిషా?

పాతపుటలు: 1624 నుంచి 1642లో చనిపోయేదాకా ఫ్రాన్స్‌లో పదమూడో లూయీ దగ్గర చక్రం తిప్పిన మంత్రి రిషెలియూ ఒక కార్డినల్, అంటే కాథలిక్ చర్చిలో పోప్ తర్వాతి పెద్ద. ముప్ఫయ్యేళ్ల యుద్ధంలో కాథలిక్ చక్రవర్తితో (జర్మనీ ప్రాంతాలనేలే పవిత్ర రోమన్ చక్రవర్తి) పోరాడుతున్న ప్రొటెస్టెంట్ స్వీడన్ రాజుకి, 1631 బేర్‌వాల్డె ఒప్పందంతో ఏడాదికి 4 లక్షల థాలర్లు (వెండి నాణేలు) ఇప్పించాడు. ఎర్ర టోపీ పెట్టుకుని చేసే పనేనా ఇది? నేనైతే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే అంటాను.

రేవతి: అంత మాటనకండి. ఫ్రాన్స్‌కి దక్షిణాన స్పెయిన్, ఉత్తరాన స్పెయిన్ చేతిలోని నెదర్లాండ్స్, తూర్పున చక్రవర్తి. ముగ్గురూ కాదు, ఒకే హాబ్స్‌బర్గ్ కుటుంబం! పైగా అదే ఒప్పందంలో కాథలిక్కుల ఆరాధన జోలికి పోకూడదని స్వీడన్‌కి షరతు పెట్టారు. ఇంట్లోనూ అంతే. 1629లో ఆలేస్ దగ్గర హ్యూగెనాట్ల (ఫ్రాన్స్ ప్రొటెస్టెంట్ల) కోటలు లాగేసుకున్నాడు గానీ, వాళ్ల ప్రార్థనల్ని ముట్టుకోలేదు.

పాతపుటలు: దానికి ముందు ఏడాది హ్యూగెనాట్ల రేవుపట్నం లా రొషెల్‌లో ఏం జరిగిందో ఎగరేశారే! సముద్రానికే అడ్డుకట్ట కట్టి ఊరిని ఆకలితో మాడ్చాడు. సుమారు 27 వేల మందిలో 5 వేల మంది మిగిలారు.

రేవతి: ఆ చావుల్ని నేనూ సమర్థించను. కానీ ఆ ఊరు ఇంగ్లండ్ నౌకాదళం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఏ రాజు ఊరుకుంటాడు?

ఉప్పుకల్లు: పోప్ వైపా రాజు వైపా అని మీరిద్దరూ కొట్టుకుంటున్నారు. ఆ థాలర్లు ఎవరి మొలలోంచి వచ్చాయండీ? తాయ్ అనే రాజుగారి ప్రత్యక్ష పన్ను పెద్దలకీ పాదిరీలకీ లేదు, భారమంతా రైతుదే. 1639లో నార్మండీలో ఉప్పు పన్ను పెంచబోతున్నారన్న పుకారుకే జనం తిరగబడ్డారు. తమని తాము 'వట్టికాళ్లవాళ్లం' అని చెప్పుకున్నారు. పేరులోనే ఉంది వాళ్ల బతుకు. సైన్యాన్ని పంపి అణిచేశారు. రిషెలియూ మాత్రం దేశంలోకెల్లా పెద్ద ఆస్తిపరుల్లో ఒకడిగా పోయాడు.

పాతపుటలు: ఇది నేను ఆలోచించని కోణం. అయినా నా ప్రశ్న నాకుంది.

రేవతి: పన్ను లేకుండా యుద్ధం ఎలా నడుస్తుంది? 1636లో స్పెయిన్ సైన్యం ఉత్తర ఫ్రాన్స్‌లోని కోర్బీ పట్నాన్ని పట్టుకుంది. పారిస్ వణికిపోయింది. వాళ్లు ఇంకా లోపలికొస్తే ముందు తగలబడేది ఆ రైతు గుడిసే.

ఉప్పుకల్లు: కోర్బీకి వాళ్లొచ్చింది 1635లో మీ కార్డినల్ గారు స్పెయిన్ మీద యుద్ధం ప్రకటింపజేశాకే కదండీ.