వీడియో చూసి చేస్తే కుడి ఎడమలు తారుమారవుతున్నాయి, ఏం చేయాలి?

కృష్ణలంక అమ్మ:
మా పాపకి తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. క్లాసులో మేడం ఎదురుగా నిలబడి చేసి చూపిస్తే ఇట్టే పట్టేస్తుంది. ఇంట్లో మేడం స్టేజీ ప్రోగ్రాం వీడియో పెట్టుకుంటే మాత్రం కుడికాలు వేయాల్సిన చోట ఎడమకాలు పడుతోంది. నిన్న రాత్రి నాలుగోసారి తప్పాక గజ్జెలు విప్పి మంచం మీద పడేసి "నాకు రాదమ్మా" అంది. నాకు డాన్స్ తెలియదు. ఏం చెప్పాలో తోచక కడుపు తరుక్కుపోయింది.

గుంటూరు గజ్జెలు:
పాప తప్పేం లేదండి. నేనూ పిల్లలకి నేర్పుతాను. ఎదురుగా నిలబడినప్పుడు అద్దంలో బొమ్మలాగా నేను ఎడమకాలు వేస్తాను, వాళ్లు కుడికాలు వేస్తారు. మీ మేడం కూడా అలాగే చేస్తుండొచ్చు. స్టేజీ మీద అలా తిప్పి చేయరు కదా! వెనక నుంచి ఒక వీడియో తీయనిస్తారేమో అడగండి. ఇంకో మాట. పిల్లల చూపు ముఖం మీద, చేతుల మీదే ఉంటుంది. ఒకరోజు చేతులు నడుం మీద పెట్టించి, అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్న భంగిమలో ఉంచి, పాదాలు మాత్రమే చూడమనండి.

బందరు కాలువ:
చిన్నప్పుడు మా అన్నయ్య ఈత కొడుతుంటే వారం రోజులు గట్టు మీద కూర్చుని చూశాను. చేతులే కనిపించాయి. నేను దిగి నీళ్లు మింగి పైకొచ్చాకే, అన్నయ్య మూతి పక్కకి తిప్పి గాలి పీల్చుకుంటున్నాడని కంటపడింది. 2005లో అచ్చయిన ఒక లండన్ పరిశోధనలో బాలే డాన్సర్లకీ, కాపొయిరా అనే బ్రెజిల్ యుద్ధకళ చేసేవాళ్లకీ రెండు రకాల వీడియోలూ చూపించి మెదడు స్కాన్ చేశారు. తమకి వచ్చిన విద్యను చూస్తున్నప్పుడే కదలికలకు సంబంధించిన భాగాలు ఎక్కువ చురుగ్గా పనిచేశాయట. మనం చేసి చూశాకే ఏది చూడాలో కంటికి తెలుస్తుందనిపిస్తుంది. అందుకే పాప తప్పు చేసిన వెంటనే, ఆ ఒక్క ముక్కే మళ్లీ చూపించండి. మొదటి నుంచీ వద్దు.

కృష్ణలంక అమ్మ:
మేడంని అడిగానండి. నిజమే, పిల్లల కోసం తిప్పే చేస్తారట. ఈరోజు వెనక నుంచి తీసుకోనిచ్చారు. సాయంత్రం పాదాలు మాత్రమే చూసింది. తప్పినప్పుడల్లా ఆ ముక్క దగ్గరే ఆపి మళ్లీ పెట్టాను. మూడోసారికి కుడికాలు సరిగ్గా పడింది. మంచం మీద ఉన్న గజ్జెలు తనే తెచ్చి కట్టుకుంది. మీ ఇద్దరికీ దణ్ణం.